విత్తు ఒకటి వేస్తే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా?



పోయిన వారం వీడియోలో అమ్మ ప్రహ్లాదుడి కథ చెప్పింది. ఆ కథ విన్న ప్రతిసారీ ఎవరో ఒకరికి వచ్చే సందేహమే ఈసారి కూడా వచ్చింది. "పులి కడుపున పులే పుడుతుంది" అంటాం. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అంటాం. మరి హిరణ్యకశిపుడి కడుపున ప్రహ్లాదుడు ఎలా పుట్టాడు? సామెత తప్పా, లేక ప్రహ్లాదుడిది మనకి వర్తించని ప్రత్యేకమైన విషయమా?

వీడియోలో దీనికి సమయం సరిపోలేదు. వీడియోల వెనక రాత పని నాది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను పండితుణ్ణి కాదు. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. పురాణం చెప్పేటప్పుడు పెద్దల నుంచి విన్నదే చెబుతాను. విత్తనం సంగతి మాత్రం ఈ మధ్య కాస్త గట్టిగానే చదివాను. ఎందుకంటే మా బాల్కనీలో నిజంగానే విత్తు ఒకటి, పువ్వు ఇంకొకటి అయింది.

ఎవరూ వేయని తీగలు

రెండేళ్ళ క్రితం జూన్‌లో అమ్మ మార్నింగ్ గ్లోరీ విత్తనాలు వేసింది. మనవాళ్ళకి ఈ కుటుంబం కొత్తదేమీ కాదు. పందిళ్ళకి పాకించే కాశీరత్నం, చెరువు గట్టున పెరిగే తూటికూర, కార్తీకంలో ఉడకబెట్టుకునే చిలగడదుంప, అన్నీ ఈ తీగకి చుట్టాలే. మూలికల అంగడిలో కొల్లివిత్తులు అని అమ్మే నల్లటి గింజలు కూడా ఈ జాతిలోని ఒక తీగవే. అవి గట్టి విరేచనకారి కాబట్టి ఇంట్లో ఎవరూ సొంత వైద్యం చేయకండి, పిల్లలకి అందనివ్వకండి.

మొదటి ఏడాది పువ్వులన్నీ ఒకటే రంగు, ముదురు ఊదా. తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోయేవి. చలికాలంలో తీగలు ఎండిపోయాయి, కాయలు పగిలి గింజలు పక్క కుండీల్లో రాలాయి. ఆ తర్వాత మేం ఏమీ వేయలేదు. తొలకరి పడగానే తులసి కుండీ పక్కన, కరివేపాకు మొదట్లో, ఎక్కడపడితే అక్కడ మొలకలు వచ్చాయి. ఆగస్టులో పూత మొదలైంది. ఎక్కువ తీగలకి పాత ఊదా రంగే. ఒక తీగకి మాత్రం గులాబీ రంగు పువ్వులు. ఇంకో తీగకి తెల్లటి పువ్వు, దాని మీద కుంచె విదిలించినట్టు ఊదా చారలు. ఒక పువ్వుకి సన్నటి గీత, పక్క పువ్వుకి సగం రేకంతా రంగు. రెండు పువ్వులు ఒకేలా లేవు.

ఇవన్నీ ఆ ఊదా పువ్వుల పిల్లలే. మరి ఈ గులాబీ ఎవరి పోలిక? ఈ చారలు ఎక్కడివి?

గింజలో ఉన్నదంతా పువ్వులో కనిపించదు

గులాబీ పువ్వు లెక్క తేలిక. మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త ఫీచర్‌కి సంబంధించిన కోడ్ మొత్తం యాప్‌లో పెట్టేస్తాం కానీ స్విచ్ ఆపి ఉంచుతాం. వాడేవాళ్ళకి అది కనిపించదు. కనిపించనంత మాత్రాన లేదని కాదు. ఎప్పుడో స్విచ్ పడితే, ఇదెక్కడినుంచి వచ్చిందిరా అని అందరూ ఆశ్చర్యపోతారు.

విత్తనంలో కూడా దాదాపు ఇలాగే జరుగుతుంది. ప్రతి లక్షణానికీ తల్లి వైపు నుంచి ఒక ప్రతి, తండ్రి వైపు నుంచి ఒక ప్రతి వస్తాయి. ఊదా ప్రతి ఒక్కటి ఉన్నా పువ్వు ఊదాగానే పూస్తుంది, గులాబీ ప్రతి వెనక దాక్కుంటుంది. అలా గులాబీని దాచుకున్న ఊదా పువ్వు తనకి తనే గింజ కట్టిందనుకోండి. సగటున నాలుగు గింజల్లో మూడు ఊదా, ఒకటి గులాబీ వస్తాయి. గ్రెగర్ మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి ఆశ్రమం తోటలో బఠానీ మొక్కలు పెంచి ఈ లెక్క కనిపెట్టి 1866లో ప్రచురించాడు. ఆయన బతికి ఉండగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

కాబట్టి మన సామెత అబద్ధం కాదు. విత్తు వేసిందే మొలిచింది. పొరపాటు ఎక్కడంటే, పువ్వుని చూసి విత్తు మొత్తం మనకి తెలుసు అనుకోవడంలో ఉంది.

జపాన్ వాళ్ళు దాచుకున్న మామూలు తీగలు

ఈ తీగ మీద పిచ్చి ప్రేమ పెంచుకున్న దేశం జపాన్. అక్కడ దీన్ని అసగావో అంటారు, 'ఉదయపు ముఖం' అని అర్థం. నారా రాజధానిగా ఉన్న కాలంలో చైనా నుంచి మందు మొక్కగా వచ్చింది, ఆ గింజల కోసమే. తర్వాత శతాబ్దాలకి అది అందం కోసం పెంచే తీగ అయింది. ఇప్పటి టోక్యోని ఎదో అని పిలిచే రోజుల్లో, 1804 నుంచి 1830 దాకా ఒకసారి, 1850ల చుట్టూ మరోసారి, వింత అసగావోల మోజు ఊరంతా పాకింది. 1806లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఖాళీ అయిన స్థలాల్లో తోటమాలులు ఈ తీగలు పెంచడంతో మొదటి మోజు ఊపందుకుందని చెబుతారు. రేకులు చీలికలైన పువ్వులు, వెనక్కి మెలితిరిగిన పువ్వులు, చూస్తే అసలు ఇది అదే తీగేనా అనిపించే ముద్ద పువ్వులు వచ్చాయి. ఇప్పటికీ ఏటా జులై 6, 7, 8 తేదీల్లో టోక్యోలోని ఇరియా అనే చోట అసగావో జాతర జరుగుతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఆ వింత పువ్వుల అందం కాదు, వాటిని వాళ్ళు నిలబెట్టుకున్న తీరు.

అన్నిటికన్నా ఎక్కువ విలువ పలికే ముద్ద పువ్వులు చాలావరకు గొడ్డువి. కేసరాలు, అండకోశం రేకులుగా మారిపోతాయి కాబట్టి గింజ కట్టవు. ఒక ఉదయం అందరినీ మురిపించి వంశం లేకుండా పోతాయి. మరి మరుసటి ఏడాదికి ఆ పువ్వు మళ్ళీ ఎలా వస్తుంది? దాని తోబుట్టువుల ద్వారా. ఒకే కాయ నుంచి వచ్చిన మిగతా తీగలు చూడటానికి మామూలుగా ఉంటాయి, మామూలు పువ్వే పూస్తాయి. కానీ అలా మామూలుగా కనిపించే ప్రతి మూడింటిలో సగటున రెండు ఆ వింత లక్షణాన్ని లోపల దాచుకుని ఉంటాయి. ఎదో తోటమాలులకి మెండెల్ తెలియదు, ఆ లెక్కా తెలియదు. కానీ అనుభవంతో పట్టుకున్నారు. ఏ తీగ గింజలు ఆ తీగవిగా విడివిడిగా దాచి, మళ్ళీ వేసి, దేని పిల్లల్లో వింత పువ్వు వచ్చిందో చూసి, ఆ మామూలు తీగ వంశాన్ని కాపాడుకున్నారు. రెండు దాగిన లక్షణాలు ఒకే పువ్వులో కలవాలంటే పదహారింట ఒకటి, మూడు కలవాలంటే అరవై నాలుగింట ఒకటి వస్తుంది. ఆ ఒక్కదాని కోసం మిగతా తీగలన్నిటినీ ఓపిగ్గా పెంచారు. వాటిలో కొన్ని వంశాలు ఈ రోజుకీ ఉన్నాయి. క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్ళు పెద్ద విత్తన సంపదని భద్రపరుస్తున్నారు.

మన ఇళ్ళలో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు. ఒక ఇంట్లో ఒక పిల్లవాడు బాగా పైకి వస్తాడు, ఊరంతా వాడి పేరే చెప్పుకుంటుంది. వాడి అక్కో, అన్నో, ఏ ప్రత్యేకతా కనిపించకుండా ఇంటిని మోస్తుంటారు. వాళ్ళని చూసి "వీళ్ళకి ఆ తెలివి రాలేదు పాపం" అంటాం. వాళ్ళ దగ్గర ఏముందో, వాళ్ళ ద్వారా ముందు తరానికి ఏం వెళ్తుందో మనకి తెలుసా? ఎదో తోటమాలి ఐతే ఆ మామూలు తీగకే ముందు నీళ్ళు పోసేవాడు.

చారల సంగతి

చారల పువ్వు కథ ఇంకా విచిత్రం. విత్తనంలోని సమాచారంలో కొన్ని ముక్కలు ఉన్నచోట ఉండవు. ఒకచోట నుంచి లేచి ఇంకోచోట కూర్చుంటాయి. కోడ్‌లో ఒక ముక్క కట్ చేసి ఎక్కడో పేస్ట్ చేసినట్టు అన్నమాట. అలాంటి ముక్క రంగు తయారుచేసే జన్యువు మధ్యలో వచ్చి కూర్చుంటే ఆ పని ఆగిపోతుంది, పువ్వు తెల్లబోతుంది. పువ్వు పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచి వెళ్ళిపోయిందనుకోండి, ఆ కణానికీ దాని నుంచి పుట్టే కణాలన్నిటికీ రంగు తిరిగి వస్తుంది. అదే చార. తొందరగా లేస్తే సగం రేకంతా రంగు, ఆలస్యంగా లేస్తే సన్నటి గీత. అందుకే రెండు పువ్వులు ఒకేలా ఉండవు.

బార్బరా మెక్లింటాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1940ల్లో మొక్కజొన్న గింజల మచ్చలు చూసి ఈ సంగతి పట్టుకుంది. చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ నమ్మలేదు. చివరికి 1983లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. చారల అసగావోలో ఇలా గెంతే ముక్కని 1994లో జపాన్ శాస్త్రవేత్తలు వేరుచేసి దానికి టీపీఎన్1 అని పేరు పెట్టారు. 2016లో ఆ తీగ జన్యు సమాచారం మొత్తం చదివేశారు. ఎదో కాలం నాటి వింతల్లో చాలావాటికి ఈ కుటుంబానికి చెందిన ముక్కలే కారణమని తేలింది.

అంటే తెల్లటి పువ్వు కూడా రంగు పోగొట్టుకున్నది కాదు. రంగు అందులోనే ఉంది, మధ్యలో ఏదో అడ్డం కూర్చుంది. అది తొలగిన మేరకి రంగు బయటపడుతుంది. వేదాంతం చెప్పే పెద్దలు ఆత్మకి, అజ్ఞానానికి ఇలాంటి పోలికలే చెబుతుంటారు. నేను అంత దూరం లాగను. ఒక మనిషి స్వభావం గురించి "వీడింతే" అని ముద్ర వేసే ముందు ఈ చారల పువ్వుని ఒకసారి తలుచుకోవాలని మాత్రం చెబుతాను.

ఒక సంబంధం గురించి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా పిన్ని కూతురు అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది వేసవిలో తనకి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి వాళ్ళ నాన్నకి తాగుడు. అప్పులు చేసి ఇల్లు అమ్ముకున్నారట. అబ్బాయి ఇంటర్ నుంచి ట్యూషన్లు చెప్పుకుంటూ చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, ముందు చెల్లెలి పెళ్ళి చేశాడు. చుక్క ముట్టడని అతనితో పనిచేసేవాళ్ళు కూడా చెప్పారు. జాతకాలు కుదిరాయి. ఇద్దరూ రెండుసార్లు మాట్లాడుకున్నారు, ఇద్దరికీ నచ్చింది. అయినా మావాళ్ళు వద్దనేశారు. ఇంట్లో నలుగురు పెద్దలు కూర్చుని తేల్చింది ఒక్క మాటలో: "ఎంతైనా ఆ తండ్రికి పుట్టినవాడే కదా. విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా?"

ఆ రాత్రి చెల్లి నన్ను ఒక్కటే అడిగింది. "అన్నయ్యా, వాళ్ళ నాన్న తాగితే అతని తప్పేంటి?"

ఆ సంబంధం మళ్ళీ రాలేదు. అతనికి ఈపాటికి వేరే చోట కుదిరి ఉంటుంది కూడా. కానీ చెల్లి ప్రశ్న న్యాయమైనది. భక్తి కథలు చెప్పుకునే ఇంట్లో దానికి జవాబు ఉండి తీరాలి.

సామెత దేని గురించి?

నాకు తోచింది ఇది. "ఏ విత్తు వేస్తే ఆ చెట్టే" అని పెద్దలు చెప్పింది కర్మ గురించి. నువ్వు చేసిన పనికి ఫలం నువ్వు అనుభవిస్తావు, మిరప నాటి మామిడి కోరుకోకు అని. అందులో విత్తు వేసేది ఎవరు? నేను. కోసుకునేది ఎవరు? నేనే. ఇందులో తండ్రి ఎక్కడా లేడు.

మనం చేస్తున్నదేమిటంటే, ఎవరి పనికి వాళ్ళే బాధ్యులని చెప్పడానికి పుట్టిన మాటని తీసుకెళ్ళి, తండ్రి పనికి కొడుకుని శిక్షించడానికి వాడుతున్నాం. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళు ఆ మాట అనకూడదు. తండ్రి తాగింది తండ్రి కర్మ. కొడుకు ట్యూషన్లు చెప్పి చెల్లెలి పెళ్ళి చేసింది కొడుకు కర్మ. మొదటిది మాత్రమే లెక్కలోకి తీసుకుని రెండోది వదిలేస్తే అది ఏ లెక్క?

పురాణాల్లో ఈ విషయం దాచకుండానే చెప్పారు. భాగవతంలో అంగ మహారాజు ధర్మాత్ముడు. ఆయన కొడుకు వేనుడు పరమ దుర్మార్గుడు. ఎలా? వేనుడి తల్లి సునీథ మృత్యువు కూతురు, పిల్లవాడికి తల్లి తరపు తాత పోలిక వచ్చిందని అక్కడే ఉంది. ఒక తరం దాటి తాత గుణం మనవడిలో తేలడం అంటే మా గులాబీ పువ్వే. కొడుకు ఆగడాలు భరించలేక అంగుడు ఒక రాత్రి రాజ్యం వదిలి వెళ్ళిపోయాడు. సరే, వేనుడితో ఆ వంశం చెడిపోయిందని తేల్చేశారా? లేదు. వేనుడు చనిపోయాక ఋషులు అతని బాహువులని మథిస్తే పృథు చక్రవర్తి పుట్టాడు. భూమికి పృథ్వి అని పేరు వచ్చింది ఆయన వల్లే. మంచివాడు, చెడ్డవాడు, మహాత్ముడు, మూడు తరాలు. వంశం చూసి సంబంధం కాదనేవాళ్ళు పృథువుకి కూడా పిల్లనిచ్చి ఉండరు.

రామాయణంలో సగరుడి కొడుకు అసమంజుడు ఊళ్ళో పిల్లల్ని సరయూ నదిలో పడేసేవాడు. తండ్రే అతన్ని వెళ్ళగొట్టాడు. కానీ అసమంజుడి కొడుకు అంశుమంతుణ్ణి దగ్గర పెట్టుకుని పెంచాడు. ఆ అంశుమంతుడి మనవడే గంగని తెచ్చిన భగీరథుడు. సగరుడు కొడుకుని చూసి మనవణ్ణి కూడా వదిలేసుకుని ఉంటే కథ ఎలా నడిచేదో ఆలోచించండి.

ఆవు, దూడ

ఇక్కడ పెద్దల తరపున కూడా మాట్లాడాలి. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అని ఇంకో సామెత ఉంది. అది ఉత్త మాట కాదు. ఇంట్లో రోజూ చూసింది పిల్లలకి అంటుతుంది. తాగుడు కొన్ని కుటుంబాల్లో తరాల పాటు కనిపిస్తుందని వైద్యులు కూడా చెబుతారు. కూతుర్ని ఇచ్చే తల్లిదండ్రుల భయాన్ని ఛాదస్తమని కొట్టిపారేయలేం. రేపు ఏదైనా జరిగితే ఏడ్చేది వాళ్ళే.

కానీ సామెతని జాగ్రత్తగా వినండి. దూడ చేలోకి వెళ్ళేది ఆవు వెంట నడవడం వల్ల. నడక నేర్చుకునేది. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు, అసలు నేర్చుకోకుండా కూడా ఉండొచ్చు. తండ్రిని చూసి తాగుడు నేర్చుకున్న కొడుకు ఉన్నట్టే, తండ్రిని చూసే ఇక జన్మలో ముట్టకూడదని ఒట్టేసుకున్న కొడుకూ ఉంటాడు.

చుట్టూ ఉన్నది మారితే ఉన్న రంగే వేరుగా కనిపిస్తుందనడానికి కూడా ఈ తీగల్లోనే సాక్ష్యం ఉంది. హెవెన్లీ బ్లూ అనే రకం మొగ్గగా ఉన్నప్పుడు ఎర్రటి ఊదా, విచ్చుకున్నాక ఆకాశ నీలం. రంగు పదార్థం అదే. కణం లోపలి రసంలో పులుపు తగ్గుతుంది, పీహెచ్ 6.6 నుంచి 7.7కి పెరుగుతుంది, అంతే. మనకి తెలియని విద్యేమీ కాదిది. పసుపు నీళ్ళలో కాస్త సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్ళు అవుతాయి. పసుపు ఎక్కడికీ పోలేదు, పక్కన చేరినది మారింది. ప్రహ్లాదుడి విషయంలో పెద్దలు చెప్పే కారణం కూడా అదే కదా. తల్లి గర్భంలో ఉండగా నారదుడి ఆశ్రమంలో ఆయన మాటలు విన్నాడు. సాంగత్యం అన్నమాట.

ఒక్క మొక్క పేరు హీరో

చార్లెస్ డార్విన్ పదకొండేళ్ళ పరిశోధనని 1876లో పుస్తకంగా ప్రచురించాడు, అందులో ఒక భాగం మార్నింగ్ గ్లోరీది. వేరే తీగ పుప్పొడితో పుట్టినవి ఒకవైపు, తన పుప్పొడితో తానే కట్టిన గింజల నుంచి పుట్టినవి ఇంకోవైపు, పది తరాలు జతలు జతలుగా పెంచి ఎత్తు కొలిచాడు. మొత్తం మీద మొదటివి 100 ఉంటే రెండోవి 77. సగటు చాలా స్పష్టంగా ఉంది. తన పుప్పొడితోనే కట్టిన వంశంలో రంగుల తేడాలు కూడా తరతరానికీ తగ్గిపోయి, చివరికి పువ్వులన్నీ ఒకే ఛాయలో పూశాయి. వీటికి చీటీలు కట్టక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోతుందని ఆయన తోటమాలి అన్నాడట.

కానీ ఆరో తరంలో ఒక మొక్క, బలహీనమైన వైపు మొక్క, తన జోడీని అర అంగుళం దాటి పెరిగింది. డార్విన్ ఆశ్చర్యపోయి దానికి 'హీరో' అని పేరు పెట్టాడు. సగటుకి సరిపోలేదని పీకి పారేయలేదు. దాని గింజలు విడిగా వేసి, పిల్లల్ని, మనవల్ని కూడా పెంచి చూశాడు. ఆ బలం వాటికీ వచ్చింది.

నా ఉద్యోగంలో రోజంతా సగటులతోనే పని. సగటు పనికొచ్చేదే, కాదనను. కానీ అది గుంపు గురించి చెబుతుంది. మన ముందు కుర్చీలో కూర్చున్న ఒక్క మనిషి గురించి తెలియనప్పుడు సగటుని చూసి జాగ్రత్తపడటం వివేకం. ఆ మనిషి పది పన్నెండేళ్ళుగా ఎలా బతికాడో కళ్ళ ముందు కనిపిస్తున్నప్పుడు కూడా సగటునే పట్టుకు వేలాడితే, అది చూడటానికి నిరాకరించడం.

కాబట్టి చెల్లికి నా జవాబు: అతని తప్పేమీ లేదు. మనవాళ్ళ భయంలో తప్పు లేదు, తీర్పులో తప్పు ఉంది. భయం ఉంటే అతన్ని ఇంకో నాలుగుసార్లు కలవాల్సింది. కష్టం వచ్చినప్పుడు ఏం చేశాడు, కోపం వస్తే ఎలా ఉంటాడు, డబ్బు చేతికొస్తే ముందు ఎవరికి ఖర్చుపెడతాడు, తండ్రితో ఇప్పుడు ఎలా ఉంటున్నాడు, ఇవి అడగాల్సింది. వీటికి వచ్చే జవాబులు అతని సొంతం. వాటిని బట్టి వద్దనుకుంటే అది న్యాయం.

అన్ని తేడాలూ మంచివేనా?

ఇది చదివి, తేడాగా ఉన్నదల్లా దైవలీల అని నేనంటున్నాననుకోకండి. ఇదే తీగ పత్తి చేలో పడితే రైతుకి కలుపు. వేనుడు కూడా తండ్రికి తేడాగా పుట్టినవాడే. పువ్వుకి, మనిషికి ఒక పెద్ద భేదం ఉంది. పువ్వు తన రంగుని ఎంచుకోదు, కాబట్టి దాన్ని మెచ్చుకోవడానికీ తిట్టడానికీ ఏమీ లేదు. మనిషికి పుట్టుకతో వచ్చినది కొంత, ఎంచుకున్నది కొంత. ఎంచుకున్నదాన్ని బట్టి మనిషిని తూచండి, తప్పకుండా తూచాలి. పుట్టుకని మాత్రం తక్కెట్లో వేయకండి.

ఇది తల్లిదండ్రులకి కూడా వర్తిస్తుంది. పిల్లవాడు దారి తప్పితే "మా పెంపకంలో ఏం లోపం జరిగింది" అని ఏళ్ళ తరబడి కుమిలిపోయేవాళ్ళు నాకు తెలుసు. అంగ మహారాజు అంతటివాడికే తప్పలేదు. అలాగే పిల్లలు బాగా పైకొస్తే అదంతా మా రక్తం గొప్పే అనుకునేవాళ్ళూ ఉన్నారు. కుండీలో మట్టి, నీళ్ళు, పాకడానికి తాడు, ఇవి మన చేతిలో పని. ఆ పని శ్రద్ధగా చేయకపోతే మనది తప్పే. ఏ రంగు పూస్తుందన్నది మన చేతిలో లేదు. పని మీదే నీకు అధికారం, ఫలం మీద లేదని గీత చెప్పింది పిల్లల పెంపకానికి వర్తించినంతగా ఇంకెక్కడా వర్తించదేమో.

చారల పువ్వు మొదటిసారి పూసినప్పుడు అమ్మకి చిన్న సందేహం వచ్చింది, ఇలాంటిది పూజకి పెట్టొచ్చా అని. తర్వాత తనే తేల్చుకుంది. ఆకో, పువ్వో, పండో, నీళ్ళో, భక్తితో ఇస్తే తీసుకుంటానని కృష్ణుడు చెప్పాడు. ఏ రంగు పువ్వు, దాని తల్లి తీగది ఏ రంగు అని అడగలేదు కదా అంది. ఇప్పుడు రోజూ ఉదయం పళ్ళెంలో ఊదా, గులాబీ, చారలు, మూడూ ఉంటున్నాయి.

కార్తీకం దాటాక కాయలు ఎండుతాయి. ఈసారి గింజలు ఏ తీగవి ఆ తీగవిగా కాగితం పొట్లాల్లో కట్టి పేర్లు రాసి పెడదామనుకుంటున్నాం. గులాబీవి, చారలవి సరే. వాటి పక్కన మామూలు ఊదా పూసిన తీగల గింజలు కూడా దాస్తున్నాం. మీ ఇళ్ళలో, మీ బంధువుల్లో ఈసారి ఎవరి సంబంధం గురించైనా మాట వచ్చినప్పుడు, "ఎవరి పిల్లలు" అని అడిగాక అక్కడితో ఆగకుండా "ఎలాంటివాళ్ళు" అని కూడా అడగండి. నా మనవి అంతే.

శుభం.